రెండు తాళాలు, ఒకే మేకు

మధ్యాహ్నం ఒంటిగంట అయింది. ఐదింటికి అబ్రహాంను సిటీ సి.ఐ.డి. వాళ్ళకు అప్పజెప్పాలి. ఈ నాలుగు గంటల్లో ఆయన నోరు విప్పకపోతే ఆ తర్వాత నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆ సంగతి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తల ఊపాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏది అడిగినా ఒకటే జవాబు చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నా చాబీ నా దగ్గర్నే ఉండె సాబ్. నేనెవ్వరికీ ఇయ్యలే."

"నీ చాబీ సంగతి ఎవరడిగిన్రు? గోదాంకు తాళాలు రెండు. రెండోది ఎట్ల తెరుచుకుంది?"

"నాకెరుక లేదు."

యాభై ఏళ్ళ మనిషి. ఇరవై ఆరేళ్ళుగా కంటోన్మెంటులో స్టోర్‌కీపర్. అబద్ధం చెప్పడం చేతకాదని మొహం చూస్తేనే తెలుస్తోంది. నా కళ్ళలోకి చూసి "నా చాబీ" అన్నాడు. "నాకెరుక లేదు" అన్నప్పుడు మాత్రం నేల చూశాడు. అంటే రెండో తాళం సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ చెప్పడం లేదు. తన మెడ మీదికి వస్తున్నా చెప్పని మాటంటే, అది ఇంకొకరి మెడకు సంబంధించిందై ఉండాలి.

ఇంతకీ ఆ గోదాం కథ చెప్పాలి. నిరుడు నవంబరులో మా నిజాం సర్కారుకూ ఇండియన్ యూనియన్‌కూ ఏడాదిపాటు యథాతథ ఒప్పందం కుదిరింది. ఫౌజు వ్యవహారాల్లో పాత పద్ధతులే నడవాలని, ఒకరికొకరు సాయంగా ఉండాలని రాసుకున్నారు. కాగితం మీద దోస్తీ, కడుపులో అనుమానం. సికింద్రాబాద్‌లో ఉన్న యూనియన్ ఫౌజు ఖాళీ చేసి పోతూ, పాత బాకీ కింద నిజాం ఫౌజుకు ఇవ్వాల్సిన ఆయుధాల్ని ఇవ్వాలా వద్దా తేల్చుకోలేక, తిరుమలగిరి ఫౌజు లైన్లలో ఏడో నంబరు గోదాంలో పెట్టింది. తలుపుకు రెండు తాళాలు వేసింది. పై తాళం సర్కారుది, దాని తాళంచెవి నిజాం ఫౌజు ముహరిర్, అంటే గుమాస్తా, ఫకీర్ మొహియుద్దీన్ దగ్గర. కింది తాళం యూనియన్‌ది, దాని చెవి అబ్రహాం దగ్గర. రోజూ సాయంత్రం ఐదున్నరకు ఇద్దరూ తలుపు మూసి, తాళాల మీద లక్క కరిగించి పోసి, ఎవరి ముద్ర వాళ్ళు గుద్దుతారు. మర్నాడు తొమ్మిదింటికి ఇద్దరూ వచ్చి, ముద్రలు చూసుకుని, లక్క పగలగొట్టి తెరుస్తారు. శుక్రవారం సర్కారుకు సెలవు. ఆదివారం యూనియన్‌కు సెలవు. ఆ రెండు రోజులూ తలుపు తెరవరు.

ఈ శనివారం తొమ్మిదింటికి తెరిచారు. ముద్రలు చెదరలేదు. తాళాలు చెక్కు చెదరలేదు. లోపల మాత్రం ముప్పై ఒకటో నంబరు పెట్టె లేదు. అందులో ఇరవై నాలుగు బ్రెన్ తుపాకుల బోల్టులు ఉండాలి. తుపాకులు గోదాంలోనే ఉన్నాయి గాని బోల్టు లేని తుపాకీ దుడ్డుకర్రతో సమానం.

ఇది చిన్న సంగతి కాదు. సోమవారం రెండు ప్రభుత్వాల వాళ్ళూ కూర్చుని ఈ గోదాం గురించే మాట్లాడాలి. ఇవ్వాల్సినవి ఇవ్వకుండా యూనియన్ వాళ్ళే దాచారని సిటీ అంటుంది. రజాకార్ల కోసం సర్కారే ఎత్తించిందని ఢిల్లీ అంటుంది. మధ్యలో అబ్రహాం. లాలాగూడలో పుట్టాడు కాబట్టి నిజాం ప్రజ, జీతం యూనియన్‌ది. ఇక్కడ మిగిలిన చిన్న దళానికి అధికారి మేజర్ జ్ఞానశేఖర్. ఆయన ఒక్కమాటలో తేల్చేశాడు: మనిషి మీ రాజ్యంవాడు, మీ చట్టం ప్రకారం చూసుకోండి. సామాను రైల్లో వచ్చింది కాబట్టి రైల్వే పోలీసు ఇన్‌స్పెక్టర్నైన నన్ను పిలిచి, ఐదుదాకా ముద్దాయిని నా కస్టడీలో పెట్టారు. రెండు పక్షాలకూ సమానంగా నచ్చనివాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను.

రెండు గంటలకు గోదాం దగ్గరికి వెళ్ళాను. తాళాల్లో వింతేమీ లేదు. గీరిన జాడ లేదు, కొట్టిన జాడ లేదు. తలుపు పక్కన అరుగు మీద ఒక సిగరెట్ డబ్బా ఉంది. పగలగొట్టిన లక్కను ఈ ఇద్దరూ పారేయరట. ఏ రోజుదారోజు కాగితంలో పొట్లం కట్టి, మీద తారీఖు రాసి, ఆ డబ్బాలో వేస్తారట. ఇంత శ్రద్ధగా పనిచేసే ఇద్దరు మనుషులు ఈ రెండు రాజ్యాల్లో ఇంకెక్కడా ఉండరు. పొట్లాలు ఒక్కొక్కటే విప్పాను. బుధవారం తెరిచినప్పటి పొట్లంలో ఒక నల్ల లక్క ముక్క, ఒక ఎర్ర లక్క ముక్క. నల్లదాని మీద ఉర్దూ ముద్ర, ఎర్రదాని మీద ఇంగ్లీషు అంకె. గురువారానిదీ అంతే. నెల రోజులవి విప్పాను. అన్నిట్లోనూ ఒకటి నలుపు, ఒకటి ఎరుపు.

ఈరోజు పొద్దున్న పగలగొట్టిన పొట్లం విప్పితే రెండూ ఎరుపే.

ముద్రలు మాత్రం సరిగానే ఉన్నాయి. ఒకదాని మీద ఉర్దూ, ఇంకోదాని మీద అంకె. అంటే తలుపు మీద ఆఖరున ముద్ర వేసినవాడి చేతిలో ఫకీర్ ముద్ర ఉంది గాని ఫకీర్ లక్క లేదు. ఆ రెండు ముక్కల్నీ రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుంటుండగా వెనక బూట్ల చప్పుడైంది.

సి.ఐ.డి. హనీఫ్ వచ్చాడు. మేమిద్దరం ఒకే ఏడు నౌకరీలో చేరాం, నన్ను పీరా అని పేరుతోనే పిలుస్తాడు. అతను సిటీలో పైకెక్కాడు, నేను ప్లాట్‌ఫారం మీద ఉండిపోయాను. ఆ తేడాను అతను నాకు గుర్తు చేయని రోజు లేదు.

"ఏంది పీరా, లక్క ముక్కలు ఏరుకుంటున్నవా? టికెట్లు చూసుకునేటోనికి గివన్నెందుకు? ముద్దాయిని ఇప్పుడె ఇచ్చెయ్, నీకు సుత పరేషానీ తప్పుతది."

"ఐదు కాలే."

"ముద్రలు సరిగున్నయ్ గద. ఇంక చూసేదేముంది?"

అతను నా చేతిలోని పొట్లంకేసి చూశాడు, రెండు ఎర్ర ముక్కల్నీ చూశాడు, చూపు తిప్పుకున్నాడు. సాయంత్రం ముద్రలు వేసేటప్పుడు అతను ఎన్నడూ ఇక్కడ లేడు. ఫకీర్ లక్క నల్లగా ఉంటుందని అతనికి తెలియదు. నేను కూడా చెప్పలేదు.

గేటు దగ్గర సెంట్రీ పుస్తకంలో చూసిన ఒక సంగతి మాత్రం అడిగాను. అతను లైన్లలోకి వచ్చింది ఎనిమిదీ పదికి. తలుపు తెరిచింది తొమ్మిదింటికి. దొంగతనం బయటపడకముందే పోలీసు వచ్చి కూర్చోవడం నా నౌకరీలో చూడలేదన్నాను. హనీఫ్ నవ్వాడు. తనకు మనుషులు ఉన్నారని, నిన్న సాయంత్రమే ఖబరు అందిందని, వెంటనే వారంటు తీసుకుని పొద్దున్నే బయల్దేరానని చెప్పాడు. నా దగ్గర ఖబరు తెచ్చే మనుషులు లేరనే మాట కూడా కలిపాడు. దాంతో నాకు కోపం వచ్చి, మిగతా మాటను సరిగా వినలేదు. ఆ కోపానికి నన్ను నేను తిట్టుకోవడానికి ఇంకా మూడు గంటలు పట్టింది.

ఫకీర్ మొహియుద్దీన్ రోడ్డు అవతల నిజాం ఫౌజు వాళ్ళ చిన్న ఆఫీసులో ఉన్నాడు. సన్నటి మనిషి, తెల్లగడ్డం, ఎండాకాలంలోనూ కోటు. మూడింటికి వెళ్ళి ముందు నిన్నటి లెక్క అడిగాను. పొద్దున పదింటికి బస్సెక్కి సిటీకి పోయి, మక్కా మసీదులో జుమ్మా నమాజ్ చేసి, కూతురింట్లో తిని, పొద్దుగూకినంక తిరిగొచ్చాడు. పదిమంది సాక్ష్యం చెబుతారు. తర్వాత ముద్ర చూపించమన్నాను. చూపించాడు. లక్క కడ్డీ చూపించమన్నాను. కోటు జేబులోంచి తీశాడు. నల్లటి లక్క, సర్కారు స్టేషనరీ. పక్కన నా రుమాలు విప్పి ఎర్ర లక్క మీద అతని ముద్ర చూపించాను.

ముక్కను చేతిలోకి తీసుకుని వెలుగుకు తిప్పి చూశాడు. పొద్దున మేజరు తొందరపెట్టి పగలగొట్టించాడట, ముద్ర చూశాడే గాని రంగు గమనించలేదట.

"అబ్రహాం చెప్పిండా సాబ్?"

"చెప్పలే. నీ పేరే ఎత్తుత లేడు."

టోపీ తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతుల్తో మొహం రుద్దుకున్నాడు. అతను చెప్పింది ఇదీ. జనవరిలో ఒక శుక్రవారం యూనియన్ వాళ్ళ పెద్ద ఆఫీసరు తనిఖీకి దిగాడు. ఫకీర్ సిటీలో నమాజ్‌లో ఉన్నాడు. పై తాళం తెరిచే దిక్కు లేక ఆఫీసరు ఎండలో నిలబడి అబ్రహాంను నానా మాటలూ అన్నాడు. మరుసటి వారమే ఆదివారం నాడు సర్కారు వాళ్ళు దిగారు. అబ్రహాం చర్చిలో ఉన్నాడు, తిట్లు ఫకీర్‌కు పడ్డాయి. అప్పటినుంచి ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. గురువారం సాయంత్రం ఫకీర్ తన చెవినీ ముద్రనూ అబ్రహాంకు ఇస్తాడు. శనివారం సాయంత్రం అబ్రహాం తనవి ఫకీర్‌కు ఇస్తాడు. సెలవు మర్నాడు పొద్దున తిరిగి తీసుకుంటారు.

"ఒక్కరోజు సుత తెరువలే సాబ్. ఎవరన్న వస్తె తెరువనీకి ఉండాలె అని గంతే. లక్క ఇయ్యాలన్న సోయి నాకు రాలే. ముద్ర వెయ్యనీకి ఇయ్యలే గద, దాయనీకి ఇచ్చిన."

రెండు రాజ్యాలు ఒకరినొకరు నమ్మలేక రెండు తాళాలు వేసుకుంటే, కాపలా ఉన్న ఇద్దరూ ఒకరినొకరు నమ్మి ఆ రెండింటినీ ఒకటి చేశారు. మంచితనమే. ఆ మంచితనం ఈ రోజుల్లో ఉరితాడుతో సమానం. నిజాం ఫౌజు తాళంచెవిని యూనియన్ మనిషి చేతిలో పెట్టినవాణ్ణి సిటీలో విచారణ దాకా కూడా ఉంచరు. ఈ నిజం బయటపెడితే అబ్రహాం బయటపడడు సరిగదా, రెండు చెవులూ అతని దగ్గరే ఉన్నాయని ఇంకా గట్టిగా ఇరుక్కుంటాడు. ఫకీర్ కూడా పోతాడు.

ఫకీర్ టోపీ పెట్టుకుని లేచాడు, తాను వచ్చి ఒప్పుకుంటానన్నాడు.

"నువ్వొప్పుకుంటె ఇద్దరు పోతరు. ఆయన ఎందుకు నోరు మూసుకున్నడనుకుంటున్నవ్? కూసో."

కూర్చున్నాడు. గోడకేసి తిరిగి ఏడ్చాడు. నేను బయటికి వచ్చేశాను.

అబ్రహాం క్వార్టరు గోదాం వెనక, ఐదు నిమిషాల నడక. మూడుంపావు దాటింది. ఆయన భార్య మార్త గడప దగ్గరే నిలబడి ఉంది. లైన్లలోని చర్చిలో హార్మోనియం వాయించేది ఆమే. లోపలికి పిలిచి పీట వేసింది గాని, అడిగినవాటికి ఆయన నేర్పినట్టే జవాబులు చెప్పింది. అప్పుడు ఫకీర్ ముద్ర ఉన్న ఎర్ర ముక్క ముందు పెట్టి, ఫకీర్ అంతా చెప్పేశాడని చెప్పాను. ఆమె ఊపిరి వదిలి, గోడ మీద క్యాలెండరు పక్కకు జరిపింది. వెనక ఒక పెద్ద మేకు.

గురువారం సాయంత్రం నుంచి శనివారం పొద్దుటిదాకా రెండు చెవులూ, రెండు ముద్రలూ ఆ మేకుకే ఉన్నాయట. పక్కన గూట్లో అబ్రహాం ఎర్ర లక్క. మామూలు శుక్రవారాల్లో అబ్రహాం వాటిని మొలకు కట్టుకుని తిరుగుతాడు. నిన్న మాత్రం ముట్టలేదు.

"నిన్న శ్రమల శుక్రవారం, గుడ్ ఫ్రైడే గద సాబ్. ఆ దినం ఆయన ఇనుము ముట్టడు. ప్రభువును కొట్టిన మేకులు ఇనుమువే గద. మా అత్త పెట్టిన అలవాటు. కత్తి పట్టడు, గడ్డం గీసుకోడు. గొళ్ళెం సుత నేనే తీస్త."

"మరి ఇంటికి తాళం?"

"తాళం సుత ఇనుమే గద. నాకు హార్మోనియంకు తొందరయింది. గొళ్ళెం పెట్టి పోయిన."

పన్నెండు నుంచి మూడుదాకా చర్చిలో, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ఆరాధన. లైన్లలో ఉన్న క్రైస్తవులంతా అక్కడే. అబ్రహాం మొదటినుంచి చివరిదాకా కదల్లేదు, నాలుగో మాట చదివింది ఆయనే. ఇల్లు ఖాళీ, మేకుకు రెండు రాజ్యాల తాళంచెవులు. ఈ సంగతి ఇంకెవరికి తెలుసని అడిగాను. ఎవరికీ తెలియదంది. గట్టిగా ఆలోచించమన్నాను. ఆమె క్యాలెండరును మళ్ళీ మేకు మీదికి జరిపింది.

"మేజర్ అయ్యగారు," అంది. "ఫిబ్రవరిల ఒక శుక్రవారం ప్రార్థనకు వచ్చిండు. మా ఇంటాయన మొలకు రెండు చాబీలు చూసి, ఇదేంది అని నవ్వుకుంట అడిగిండు. ఈయన ఏం చెప్పలే. నేనే చెప్పిన సాబ్. ఇనుము ముట్టని సంగతి సుత నేనే చెప్పిన, గిట్లాంటి మనిషి మా ఇంటాయన అని. నవ్వుకుంట చెప్పిన."

చర్చిలో మేజరు ఎక్కడ కూర్చున్నాడని అడిగాను. ముందు వరుసలో, తన ఎదురుగానే అంది. హార్మోనియం దగ్గర కూర్చున్నవాళ్ళకు జనమంతా కనిపిస్తారు. ఒక్కో మాటకు ఒక్కో కీర్తన వాయించాలి కాబట్టి వేళ తప్పడానికి వీల్లేదు. రెండో మాట కీర్తన అయ్యాక మేజరు లేచి బయటికి వెళ్ళాడు. అప్పుడు పన్నెండూ యాభై. ఆరో మాట మొదలయ్యేటప్పుడు, రెండూ పదికి, వచ్చి కూర్చున్నాడు. మోకాళ్ళ మీద దుమ్ము ఉందని కూడా గమనించింది. దారిలో ఎక్కడో మోకరించి ప్రార్థన చేసుకున్నాడనుకుందట.

గంటా ఇరవై నిమిషాలు. కమాండింగ్ ఆఫీసరు జీపును సెంట్రీ పుస్తకంలో రాయడు. సాయంత్రాలు లక్క పోసేచోటికి మేజరు ఎన్నడూ రాడు, ఆఫీసులో కూర్చుని రిజిస్టరులో సంతకం చేస్తాడు. అక్కడ పెట్టెల లెక్క, కింద "రెండు ముద్రలు వేశాం" అని ఉంటుంది. రంగు రాసి ఉండదు. అందుకే రెండూ ఎర్ర లక్కతో వేశాడు.

అంతా తెలిసింది, కాని దేనికీ పనికిరాదు. మేజరు పేరెత్తాలంటే మేకు సంగతి చెప్పాలి. మేకు సంగతి చెబితే ఇద్దరు ముసలివాళ్ళూ పోతారు. మార్త నా మొహం చూసి, "ఆయన ఇంటికి వస్తడా సాబ్?" అని అడిగింది. వస్తాడని చెప్పాను. ఆ మాట చెప్పినందుకు దారి పొడుగునా నా మీద నాకే చిరాకు వేసింది.

ఐదింటికి మేజర్ ఆఫీసులో ముగ్గురం కూర్చున్నాం. అబ్రహాం తలుపు దగ్గర నిలబడ్డాడు. మేజరుకు ఉర్దూ రాదు కాబట్టి తెలుగులోనే మాట్లాడుకున్నాం. పొద్దుటినుంచి మేజరూ హనీఫూ ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. రెండు శత్రుపక్షాలు కదా అని ఇప్పటిదాకా నాకది సహజంగానే అనిపించింది.

ఖైదీని అప్పగించినట్టు వారంటు వెనక నేను సంతకం పెట్టాలి. వారంటు ఇవ్వమన్నాను. హనీఫ్ మడత పెట్టిన కాగితాన్ని వెనకవైపు తిప్పి, పైన చెయ్యి పెట్టి, ఇక్కడ సంతకం చెయ్యమన్నాడు.

"చదువకుండ సంతకం పెట్టను, హనీఫ్ సాబ్. టికెట్లు చూసుకునేటోన్ని. చూసుడే నా పని."

మేజరు ఎదురుగా కాదనలేకపోయాడు. కాగితం విప్పాను. ముద్దాయి అబ్రహాం, లాలాగూడ నివాసి. ఏడో నంబరు గోదాంలో ఇరవై నాలుగు బ్రెన్ బోల్టులున్న పెట్టెను దొంగిలించినందుకు. కింద మెజిస్ట్రేటు సంతకం, కచేరీ మొహరు, సర్కారు ఫస్లీ లెక్కలో తారీఖు. తారీఖు పక్కన రాతగాడి చేతిరాతలో రోజు పేరు: జుమేరాత్. గురువారం.

అప్పుడు మధ్యాహ్నం నేను కోపంలో వినకుండా వదిలేసిన మాట గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం ఖబరు అందగానే వారంటు తీసుకున్నానన్నాడు. నిన్న శుక్రవారం. సర్కారు కచేరీకి సెలవు. మెజిస్ట్రేటు లేడు, రాతగాడు లేడు, మొహరు పెట్టెలో ఉంది. ఈరోజు కచేరీ తెరిచేది పదింటికి, హనీఫ్ ఇక్కడికి వచ్చింది ఎనిమిదీ పదికి. శ్రమల శుక్రవారం జరగబోయే దొంగతనానికి శనివారం పొద్దున్నే వారంటు చేతిలో ఉండాలంటే గురువారమే రాయించుకోవాలి. వేరే దారి లేదు. మేజరు శుక్రవారాన్ని తన పండుగగానే చూశాడు, సర్కారు సెలవు సంగతి తట్టలేదు. హనీఫ్‌కు తట్టింది గాని, ఉర్దూ చదివేవాడి చేతికి ఈ కాగితం వస్తుందనుకోలేదు.

కాగితాన్ని మేజరు బల్ల మీద పరిచాను.

"మేజర్ సాబ్, గురువారం సాయంత్రం మీ రిజిస్టర్ల ముప్పై ఒకటో పెట్టె ఉన్నట్టె రాసుంది. మీ సంతకం సుత ఉంది. ఈ వారంటు గురువారం నాడు రాసింది. పెట్టె పోకముందే పెట్టె పోయిందని ఈయనకు ఎవరు చెప్పిన్రో జెర అడుగుతరా?"

పొద్దుటినుంచి మొదటిసారి ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అబ్రహాం కూడా ఆ చూపు చూశాడు. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు గాని తలుపు చెక్క పట్టుకున్నాడు.

మేజరు లేచి కిటికీ మూశాడు. చాలా మెల్లగా, చదువుకున్న కోస్తా తెలుగులో మాట్లాడాడు.

"మీరు తెలివైనవారు, ఇన్‌స్పెక్టరు గారూ. ఒక్క సంగతి ఆలోచించండి. ఈ ఒప్పందం నవంబరుకు ఎలాగూ చచ్చేదే. ఈలోగా పల్లెల్లో ఎంతమంది చస్తారు? త్వరగా తెగిపోతే మేలని మా వైపు అనుకునేవాళ్ళున్నారు."

"వీళ్ళ వైపు సుత ఉన్నరు," అన్నాను హనీఫ్‌ను చూపించి. "ఇద్దరికి ఒక్క మనిషే పనికొచ్చిండు. మీ నౌకరు, వాళ్ళ ప్రజ. వాళ్ళు పట్టుకుంటే ఢిల్లీ భగ్గుమంటది, మీ మనిషి దొంగయితే సిటీ భగ్గుమంటది. నాలుగు నెలల్ల రెండు ఫౌజుల నడుమ నిజంగ కుదిరిన సాయం ఇదొక్కటే."

హనీఫ్ కాగితం కోసం చెయ్యి చాచాడు. అంతకుముందే దాన్ని నా జేబులో పెట్టేశాను. మేజరు దగ్గరికి వంగి, ఆయనకు మాత్రమే వినపడేలా, రెండో మాటకు లేచి ఆరో మాటకు తిరిగొచ్చారని చెప్పాను. తాళాల ఊసెత్తలేదు. సోమవారం మాటలకు ముందు ఈ కాగితం ఢిల్లీ వాళ్ళ చేతిలో పడితే తన సంగతేమిటో ఆయన లెక్కవేసుకున్నాడు.

పావుగంటలో పెట్టె దొరికింది. జీపు షెడ్డులో టార్పాలిన్ కింద. లెక్కలో పొరపాటని మేజరే రిజిస్టరులో రాసి సంతకం చేశాడు. అబ్రహాం ముద్దాయి కాడు. మార్తకు చెప్పిన మాట నిలబడిందని నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే ఉండి, ముద్రలు వేసే వేళయిందని నేనే తొందరపెట్టాను.

ఐదున్నర. తలుపు ముందు ఫకీర్, అబ్రహాం నిలబడ్డారు. తాళాలు వేసేటప్పుడు ఫకీర్ చెయ్యి ఒకసారి అబ్రహాం భుజం మీద ఆగింది. అబ్రహాం ఎర్ర లక్క కరిగించి ముద్ర గుద్దాడు. ఫకీర్ కోటు జేబులోంచి కడ్డీ తీశాడు. నల్ల లక్క బొట్లు బొట్లుగా పై తాళం మీద పడుతోంది.

హనీఫ్ ఇంకా వెళ్ళలేదన్న సంగతి అప్పుడు చూశాను. నా పక్కనే నిలబడి ఆ నల్ల లక్కకేసి చూస్తున్నాడు. తాళాల సంగతి తాను చూసుకుంటానని మాత్రమే మేజరు అతనికి చెప్పి ఉంటాడు. ఆ దొంగలిద్దరూ ఒకరినొకరు అంత నమ్ముకున్న రకం కాదు. హనీఫ్ చూపు నల్ల లక్క మీదినుంచి నా జేబు మీదికి వచ్చింది. మధ్యాహ్నం చూసిన రెండు ఎర్ర ముక్కలు అతనికి గుర్తొచ్చాయని నాకు అర్థమైంది.

"ఫకీర్ ముద్ర ఎర్ర లక్క మీద ఎట్లొచ్చింది పీరా?" అన్నాడు, మెల్లగా.

నేను జేబు మీద చెయ్యి వేసుకున్నాను.

"పెట్టె దొరికింది, మంచిదే. సర్కారు చాబీ ఎవరింట్ల ఉండెనో అది వేరె కేసు. రేపు ఇతవారం. వీళ్ళకు సెలవు, మాకు కాదు. పదింటికి కచేరీ తెరుస్తరు. ఈసారి తారీఖు సరిగ్గనే ఏపిస్త. పేర్లు సుత రెండుంటయ్."

అలా అని కదల్లేదు. చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో నాకు ఒక క్షణం ఆలస్యంగా తట్టింది. ఈరోజు శనివారం. శనివారం సాయంత్రం అబ్రహాం తన చెవి ఫకీర్‌కు ఇచ్చే వేళ. హనీఫ్‌కు ఆ ఏర్పాటు తెలియదు గాని ఏదో ఒకటి జరుగుతుందేమోనని కాచుకుని ఉన్నాడు. పిలిచి ఆపుదామంటే నా గొంతే సాక్ష్యమవుతుంది.

అబ్రహాం మొలకున్న తాడు విప్పాడు. రేపు పునరుత్థాన పండుగ, తెల్లవారకముందే చర్చికి పోవాలి. అలవాటైన చెయ్యి చెవినీ ముద్రనూ పట్టుకుని ముందుకు చాచింది. ఫకీర్ చెయ్యి కూడా సగం లేచింది. అంతలో ఫకీర్ కళ్ళు హనీఫ్ మీద పడ్డాయి. లేచిన చేతిని గడ్డం మీదికి పోనిచ్చి, అక్కణ్ణించి వీపు వెనక్కి తీసుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. అబ్రహాం చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఆయన ఫకీర్ మొహంలోకి చూశాడు. ఏం తప్పు చేశానని అడుగుతున్నట్టు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, తాళంచెవిని తన జేబులోనే వేసుకున్నాడు. ఎవరి చెవి వాళ్ళ దగ్గర, ఎవరి ముద్ర వాళ్ళ దగ్గర పెట్టుకుని, చెరో దారిన వెళ్ళిపోయారు. జనవరి తర్వాత ఒక శనివారం సాయంత్రం రెండు సర్కార్ల ఒప్పందం అక్షరం తప్పకుండా అమలు కావడం అదే మొదటిసారి.